పల్లె పట్నమైతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశాఖపట్నం దగ్గరి గాజువాక, పరవాడ, అచ్యుతాపురం వైపు తీరం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఒక్క ప్రశ్నగా వేస్తున్నాం.

తీరం పొడవునా ఇన్ని పల్లెలుండగా పరిశ్రమలన్నీ విశాఖపట్నాన్నే ఎందుకు పట్టుకున్నాయి? అది ఒకప్పుడు ఉత్త జాలరి పల్లె అంటారు, నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

ఉత్త జాలరి పల్లె అన్నది సగమే నిజం. 1901 జనాభా లెక్కల నాటికే అక్కడ 40 వేల పైచిలుకు జనం ఉన్నారు, అది జిల్లా కేంద్రం కూడా. పల్లెలు దాని అంచున ఉండేవి. ఒడ్డున వాడబలిజలు, జాలారుల పేటలు. లోపలికి పోతే చోడి (రాగి), గంటి (సజ్జ) పండే మెట్టలు, జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, గెడ్డల (వాగుల) పక్కన వరిమడులు.

పరిశ్రమలు రావడానికి కారణం డాల్ఫిన్స్ నోస్ కొండ. మన తూర్పు తీరం చాలా దూరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఓడ తలదాచుకునే చోట్లు తక్కువ. ఇక్కడ మాత్రం కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చింది. దాని వెనక ఉప్పుటేరు, మేహాద్రి గెడ్డ కలిసే ఊబి నేల ఉంది. పోటుకి నీళ్ళు, పాటుకి బురద. ఆ బురద తవ్వితే లోపలి హార్బరు దొరుకుతుందని ఇంజినీర్లు లెక్క వేశారు. పని చేయించింది బెంగాల్ నాగపూర్ రైల్వే, ఎందుకంటే మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దాటించడానికి దానికి రేవు కావాలి. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును ప్రారంభించాడు. అలలను ఆపడానికి జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి ముంచేశారు. రేవు మొదటి అడ్డుకట్ట అదే.

ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది పడింది, 1948 మార్చి 14న అక్కడ కట్టిన 'జల ఉష'ను నెహ్రూ నీళ్ళలోకి దింపారు. ముడిచమురు ఓడలో వస్తుంది కనక 1957లో కాల్టెక్స్ శుద్ధి కర్మాగారం. ఎరువుల కర్మాగారానికి కావలసిన ఫాస్ఫేటు రాయి, గంధకం కూడా ఓడల్లోనే వస్తాయి, అది 1967లో. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం జపానుకి పోవడానికి పెద్ద ఓడలు కావలసి వచ్చాయి, అందుకని 1976లో బయటి హార్బరు. ఉక్కు కర్మాగారం కూడా ఒడ్డునే ఉండడం కలిసొచ్చింది, కోకింగ్ బొగ్గు దిగుమతి చేసుకోవాలి కాబట్టి. ఇవన్నీ రేవుని చూసి వచ్చినవే. ఊరిని చూసి వచ్చింది వీటిలో ఒక్కటీ లేదు.

రేవు ఉన్న ఊళ్ళలో ఒడ్డు ఎందుకు కోసుకుపోతుంది? మా పేటలో వలలు ఆరేసుకునే ఇసుక మిగల్లేదు. గోడ కట్టమని అడగమంటారా?
— పెదజాలారిపేట నుంచి

గోడ అడగకండి, ముందు ఇసుక అడగండి. కారణం ఇది.

మన తీరంలో ఇసుక ఒక చోట నిలవదు. దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుని తాకి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనం నెలల్లో కొంత వెనక్కి, అంటే దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద తేల్చితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ నడకకి అడ్డంగా రాతికట్ట వేస్తే దక్షిణం పక్క ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం పక్కకి రావలసిన వాటా ఆగిపోతుంది. అలలు మాత్రం ఆగవు కదా, ఉన్న ఇసుకనే పట్టుకుపోతాయి. విశాఖలో రేవుకి ఉత్తరాన ఉన్నవి రామకృష్ణా బీచి, మీ పేట.

ఇది రేవు కట్టేటప్పుడే తెలిసిన సంగతి. అందుకే కట్ట దగ్గర ఇసుక పడడానికి ఒక గుంట ఉంచారు. అందులో చేరినదాన్ని డ్రెడ్జరుతో తోడి, గొట్టాల ద్వారా ఉత్తరపు ఒడ్డుకి పోస్తారు. పని తప్పేది మూడు చోట్ల. మొదటిది ఆలస్యం: ఒక ఏడాది తోడకపోతే ఆ ఏటి లోటు మరుసటి ఏడు రెండింతలు పోసినా వెంటనే పూడదు, ఈలోగా తుపాను వస్తే ఒడ్డు వాలే మారిపోతుంది. రెండోది సరుకు: లోపలి హార్బరులో తవ్విన నల్ల బురద ఒడ్డుకి పనికిరాదు, రెండు అలలకి కొట్టుకుపోతుంది. మీ ఒడ్డున ఉన్న ఇసుకంత ముతకదో, అంతకన్నా కాస్త ముతకదో కావాలి. మూడోది చోటు: పర్యాటకులు వచ్చే బీచిలో పోసి వదిలేస్తే పేటల దాకా చేరడానికి నెలలు పడుతుంది.

గోడ సంగతి. నిలువు గోడకి కొట్టిన అల అదే ఊపుతో వెనక్కి తిరిగి గోడ మొదట్లో ఇసుకను తవ్వుతుంది. ఇళ్ళు నిలవొచ్చు, తెప్ప దింపే ఒడ్డు మాత్రం పోతుంది. గోడ చివర ఉన్న పక్క పేటకి కోత ఇంకా ఎక్కువ. ఇళ్ళ మీదికే సముద్రం వచ్చినప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు. అప్పుడు కూడా నిలువు గోడ కన్నా వాలుగా పేర్చిన రాతికట్ట మేలు.

అడిగే ముందు చేతిలో లెక్క ఉండాలి. గుడి గోడో, కరెంటు స్తంభమో, కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి. నెలకోసారి, ప్రతిసారీ ఒకే తిథినాడు, పోటు పూర్తిగా ఎక్కినప్పుడు తడిగీత దాకా టేపుతో కొలవండి. పేటలో మూడు చోట్ల, చోటుకి ఒక గుర్తు. తేదీ, మీటర్లు, ఒక ఫొటో. ఒక్క ఏడాది లెక్కలో వానాకాలపు కోత, చలికాలపు మేట కలిసిపోయి ఏదీ తేలదు. రెండేళ్ళు రాస్తే నిజంగా ఎంత పోయిందో తెలుస్తుంది. 'సముద్రం ముందుకొచ్చేసింది' అని రాసిన అర్జీ కన్నా ఈ కాగితానికి విలువ ఎక్కువ.

సింధియా అనే స్టాపు పేరు గ్వాలియర్ రాజులదా?
— మల్కాపురం

కాదు. పైన చెప్పిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. ఓడల కర్మాగారం ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా, బస్సు కండక్టరు నోట పాత పేరే నిలిచింది.

మా తాతగారి భూమి 1970లలో ఉక్కు కర్మాగారానికి పోయింది. ఇంట్లో ఆర్ కార్డు ఒకటి, చిరిగిన నోటీసు ఒకటి ఉన్నాయి. ఎకరాకి అప్పుడిచ్చినది చూస్తే నవ్వొస్తుంది. కొత్త చట్టం ప్రకారం తేడా అడగొచ్చా?
— అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడల నుంచి పలువురు

1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న పునాదిరాయి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. అంతకు ముందు 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఈ తేదీలు అందరికీ కంఠతా వచ్చు. మీకు కావలసిన తేదీ వేరే ఉంది: మీ సర్వే నంబరు మీద భూసేకరణ నోటిఫికేషన్ పడిన రోజు. 64 గ్రామాల నుంచి తీసుకున్న దాదాపు 22 వేల ఎకరాలకి ధర కట్టింది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. ఆ చట్టంలో ధరను ఆ నోటిఫికేషన్ రోజు విలువకి కడతారు. కర్మాగారం వస్తే భూమి ఎంత పెరుగుతుందన్నది లెక్కలోకి రాదు. బలవంతపు సేకరణకి అదనంగా ఇచ్చే సొలేషియం అప్పట్లో 15 శాతం. 1984 సవరణతోనే అది 30 అయింది.

అప్పటి ధర అంత తక్కువ ఉండడానికి ఇంకో కారణం ఉంది, అది చేదుది. విలువ కట్టడానికి అధికారులు చూసేది చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలు. స్టాంపు ఖర్చు మిగుల్చుకోవాలని అసలు ధరలో సగమో, మూడో వంతో కాగితం మీద వేయించడం ఊళ్ళలో అలవాటు. ఆ కాగితాలే తర్వాత ఊరందరి భూమికీ ధర కట్టాయి. పరిశ్రమలు వస్తాయని మాట వినబడుతున్న మండలాల్లో ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. భూమి కొనేవాళ్ళు ఆలోచించుకోవాలి.

ఇక మీ హక్కు. పరిహారం చాలలేదని కోర్టుకి పంపమని కోరే గడువు అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) చెప్పినప్పుడు హాజరైతే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందాక ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, వీటిలో ఏది ముందైతే అది. అదే నోటిఫికేషన్‌లో పక్క రైతుకి కోర్టు ఎక్కువ ఇస్తే, ఆ తీర్పు నుంచి మూడు నెలల్లో మిగతావాళ్ళూ అడిగే వీలు 1984 తర్వాత వచ్చింది. ఈ గడువులన్నీ మీ విషయంలో ఎప్పుడో దాటాయి. 2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 24 పాత సేకరణ రద్దయ్యే వీలు కల్పించిందని కొందరు ఆశ పెడతారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: భూమి స్వాధీనం కాకపోవడం, పరిహారం చెల్లించకపోవడం రెండూ ఉంటేనే రద్దు. ఒకటి జరిగి ఒకటి జరగకపోతే కాదు. ఉక్కునగరం కట్టేసిన భూమి మీద ఆ వాదన నిలవదు. దాని కోసం ఫీజులు తగలెయ్యకండి.

ఆర్ కార్డు భూమి హక్కు పత్రం కాదు. నిర్వాసిత కుటుంబమని, ఉద్యోగానికి పరిగణించాలని ఇచ్చిన గుర్తింపు. దాన్ని ఆధారం చేసుకుని ఏ అర్జీ పెట్టాలన్నా ముందు అవార్డు ప్రతి తెప్పించుకోండి. భూసేకరణ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కార్యాలయం సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాలి. 'మా భూమి వివరాలు ఇవ్వండి' అని రాస్తే 'అందుబాటులో లేవు' అని జవాబు వస్తుంది. ఇలా విడగొట్టి అడగండి: గ్రామం పేరు, పాత సర్వే నంబరు, అవార్డు నంబరు–సంవత్సరం, చెల్లింపు రిజిస్టరులో మా తాతగారి పేరున్న పుట నకలు, నిర్వాసితుల జాబితాలో ఆ కుటుంబం పేరున్న పుట నకలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపైన 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో రెండో అప్పీలు. పుటలో పేరు తప్పు పడడం మామూలే, ఇంటిపేరు బదులు ఊరిపేరు, తండ్రి పేరు బదులు మామ పేరు. కార్డు మీదా, అవార్డులోనూ ఉన్న పేర్లు ఒకరివేనని తహసీల్దారు ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం రెండూ సిద్ధం చేసుకున్నాకే అర్జీ పెట్టండి.

కొత్తగా సేకరణ జరుగుతున్న ఊరు మాది. భూమి యజమానికే డబ్బు వస్తుందా, కౌలుకి చేసుకునేవాడికీ, చేపల వేట మీద బతికేవాడికీ ఏమైనా ఉందా? లెక్క ఎలా వేస్తారు?
— రాంబిల్లి మండలం

2013 చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ముందు యజమాని లెక్క. ఎకరా మార్కెట్ విలువ 20 లక్షలనుకుందాం. పల్లెల్లో దీన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చవేస్తారు. అది 1.25 అనుకుంటే 25 లక్షలు. చెట్లు, బావి, పాక విలువ లక్ష కలిపితే 26. దీని మీద నూరు శాతం సొలేషియం, మొత్తం 52 లక్షలు. సామాజిక ప్రభావ మదింపు నోటిఫికేషన్ రోజు నుంచి అవార్డు దాకా (స్వాధీనం ముందే జరిగితే అప్పటిదాకా) మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం. ఏడాదిన్నర పడితే 3 లక్షల 60 వేలు. వెరసి 55 లక్షల 60 వేలు. తరచు జరిగే పొరపాటు చెట్లను వదిలెయ్యడం. జీడి, కొబ్బరి, సరుగుడు దేనికది లెక్కపెట్టి, వయసు రాయించి, పంచనామా మీద సంతకం చేసే ముందు చదవండి. జాబితాలో లేని చెట్టుకి సొలేషియం కూడా ఉండదు. సంప్రదింపులతో, సమ్మతి ఒప్పందం మీద భూమి ఇస్తే మాత్రం ఒప్పందంలో ఏది రాస్తే అదే. అందుకే సంతకానికి ముందు పై లెక్క వేసి పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు కౌలుదారు, జాలరి. చట్టం 'బాధిత కుటుంబం' అన్న మాటలో వాళ్ళని చేర్చింది. సేకరణకి ముందు మూడేళ్ళుగా ఆ చోట కౌలుదారుగా, పాలికి చేసేవాడిగా, కూలిగా, చేతివృత్తిదారుగా బతుకుతున్నవాళ్ళు, వాళ్ళ బతుకుతెరువు దెబ్బతింటే. అలాగే నీటిపై ఆధారపడి బతికేవాళ్ళు, వీరిలో మత్స్యకారులని పేరు పెట్టి రాశారు. భూమి ధరలో వీళ్ళకి వాటా లేదు, పునరావాసంలో ఉంది. ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకి 2 వేలకి తగ్గకుండా 20 ఏళ్ళు, వీటిలో ఒకటి. ఊరు వదలాల్సి వస్తే ఏడాదిపాటు నెలకి 3 వేలు, సామాన్ల రవాణాకి 50 వేలు, పునరావాస భత్యం మరో 50 వేలు. పశువుల పాకకో, చిన్న కొట్టుకో 25 వేలకి తగ్గకుండా. ఇల్లు పోతే ఇల్లు. సొంత స్థలం లేకపోయినా మూడేళ్ళుగా అక్కడే కాపురముంటే ఇల్లు వస్తుంది.

చిక్కంతా రుజువులో ఉంది. కౌలుదారుకి 2019 చట్టం కింద 11 నెలల సాగు హక్కు పత్రం ఉంటుంది, దానికి యజమాని సంతకం కావాలి. భూమి ధర పెరిగే ఊళ్ళో ఏ యజమానీ సంతకం పెట్టడు. అప్పుడు ఈ-పంట నమోదులో మీ పేరు, ఎరువుల కొట్టు బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు, చుట్టుపక్కల రైతుల ప్రమాణపత్రాలు. మూడేళ్ళవీ ఉండాలి, ఒక్క ఏడాదివి చాలవు.

జాలరికి అడంగల్ లేదు, సముద్రానికి సర్వే నంబరు లేదు. కాగితం వేరే దారిలో పుట్టించుకోవాలి. పడవ రిజిస్ట్రేషన్, బయోమెట్రిక్ కార్డు, సహకార సంఘం సభ్యత్వం, డీజిల్ రాయితీ పుస్తకం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతి పడిన బ్యాంకు పాస్‌బుక్కు. చేపలు అమ్మే ఆడవాళ్ళ పేరు వీటిలో ఎక్కడా కనబడదు. మార్కెట్లో ఆశీలు కట్టిన చీటీలు దాచుకోమనండి, స్వయం సహాయక సంఘం అప్పు పుస్తకంలో వృత్తి 'చేపల అమ్మకం' అని రాయించమనండి.

చట్టంలో కంత కూడా ఒకటుంది. ఇదంతా మొదలయ్యేది భూమి సేకరిస్తేనే. ఒడ్డున సెంటు భూమి తీసుకోకుండా మీరు వేటాడే నీళ్ళకి అడ్డంగా ఓడల దారి వేస్తే ఈ చట్టం కింద మీరు బాధితులు కారు. చేపల వేట హక్కు ఇవ్వాలని చట్టం రాసింది కూడా సాగునీటి, జలవిద్యుత్ జలాశయాల్లోనే, రేవుల గురించి ఒక్క ముక్క లేదు. అలాంటప్పుడు మీ చోటు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. దాని సంగతి చివర చెప్పాం.

మా ఊరి పక్క రేవు వచ్చాక ఓడల దారి దాటనివ్వడం లేదు. దాటితే ఏమవుతుంది? చుట్టూ తిరిగి పోతే ఎంత ఖర్చు?
— తీరప్రాంత యువకుడు

ఎంత ఖర్చో ముందు. గంటకి 10 కిలోమీటర్లు పోయే ఫైబరు పడవకి రానుపోను 12 కిలోమీటర్లు పెరిగితే గంటా పన్నెండు నిమిషాలు. చిన్న ఔట్‌బోర్డు మోటారు గంటకి 3 లీటర్లు తాగుతుందనుకుంటే రోజుకి మూడున్నర లీటర్లకి పైన. నెలలో 20 రోజుల వేటకి 72 లీటర్లు. అర్జీలో 'ఇబ్బందిగా ఉంది' అని రాసే చోట ఈ అంకె రాయండి.

దాటితే ఏమవుతుందంటే, బొగ్గో ఖనిజమో నింపుకున్న పెద్ద ఓడ నీటిలో 18 మీటర్ల దాకా మునిగి ఉంటుంది. తవ్విన దారి వదిలి పక్కకి తిరిగితే నేలకి తగులుతుంది కనక తిరగదు. ఇంజను ఆపినా కిలోమీటర్లు పోయాక గాని ఆగదు. అన్నిటికన్నా ముఖ్యం: ఓడ ముక్కు ముందు 500 మీటర్ల దాకా నీటిని కెప్టెను చూడలేకపోవచ్చు, అంతర్జాతీయ నియమాలే ఆ మేరకు ఒప్పుకున్నాయి. మీకు ఓడ కొండంత కనబడుతుంటే మీరు వాళ్ళకి కనబడుతున్నారని అనుకోవద్దు. ఇరుకు దారిలో వేట పడవే తప్పుకోవాలన్నది కూడా సముద్ర నియమం. కాబట్టి దారిలో వల వేస్తే పోయేది వలే, పరిహారం అడగడానికీ ఆధారం ఉండదు.

దాటడానికి అనుమతి ఉన్న చోట అడ్డంగా, తిన్నగా, ఓడ వెనక నుంచి దాటండి. వల వేసి ఉంటే రెండు చివరలా జెండా, రాత్రి దీపం ఉంచండి. చేతి వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ వింటూ ఉండండి. ప్రమాదమైతే కోస్ట్‌గార్డు నంబరు 1554.

ఫ్యాక్టరీలు వచ్చాక బోరునీరు పచ్చగా వస్తోంది, ఉప్పన పెరిగింది. అడిగితే సముద్రపు నీరు ఊరిందంటున్నారు. ఏది నిజమో ఎలా తెలుస్తుంది?
— పరవాడ మండలం

రెండూ జరగొచ్చు. వేరు చెయ్యడానికి నాలుగు పరీక్షలు: పీహెచ్, కరిగిన లవణాలు అంటే టీడీఎస్, క్లోరైడ్, సీవోడీ (నీటిలోని వ్యర్థాలు ఆక్సీకరణకి ఎంత ఆక్సిజన్ అడుగుతాయో చెప్పే లెక్క). సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 19 వేల మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. బోరులోకి అది 2 శాతం ఊరినా 380 పెరుగుతుంది, తాగునీటికి మేలన్న 250 దాటిపోతుంది. ఇలా ఊరిన ఉప్పు ఎండల్లో పెరిగి వానలకి తగ్గుతుంది, తీరానికి దగ్గర బోర్లలో ఎక్కువ. సీవోడీ మాత్రం సముద్రపు నీటి వల్ల పెరగదు. రసాయన వ్యర్థం చేరితే పెరుగుతుంది. రంగు, ఘాటు వాసన, సీవోడీ మూడూ కలిసి వస్తే అనుమానం ఫ్యాక్టరీ మీదికి పోవాలి. ఒక చిక్కు ఉంది: క్లోరైడ్ మరీ ఎక్కువైతే అది సీవోడీ పరీక్షని తప్పుదారి పట్టిస్తుంది, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. క్లోరైడ్ ఎక్కువని ల్యాబుకి ముందే చెప్పండి, వాళ్ళు దానికి మెర్క్యురిక్ సల్ఫేటు కలుపుతారు.

నమూనా తీయడంలోనే చాలా కేసులు చెడతాయి. బోరు పది నిమిషాలు వదిలెయ్యండి, గొట్టంలో నిలవ ఉన్న నీరు పోవాలి. సీసాలు ల్యాబు నుంచే తెచ్చుకోండి, లోహాలకీ సీవోడీకీ వేరువేరు ఆమ్లాలు వేసి ఇస్తారు, వాటిని కడగొద్దు. ద్రావకాల వాసన వస్తుంటే గాజు సీసా, గాలి బుడగ లేకుండా అంచు దాకా. మంచు పెట్టెలో అదే రోజు చేర్చాలి. ఫ్యాక్టరీకి ఎగువన ఉన్న ఒక బోరు నమూనా కూడా తప్పక తీయండి, పోల్చడానికి ఏదీ లేకపోతే అంకెకి అర్థం లేదు. తాగునీటికి టీడీఎస్ 500 దాకా మేలు, వేరే దిక్కు లేకపోతే 2 వేల దాకా. పీహెచ్ 6.5 నుంచి 8.5. గెడ్డలోకి వదిలే వ్యర్థజలానికి సీవోడీ పరిమితి లీటరుకి 250 మిల్లీగ్రాములు. ఆ అంకెని తాగునీటికి వర్తింపజేసి 'పరిమితిలోనే ఉంది' అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

నష్టపరిహారానికి పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి పోవాలంటే కారణం పుట్టిన నాటి నుంచి అయిదేళ్ళు. కాలుష్యం ఆపించమని అడగడానికి ఆరు నెలలే.

స్థానికులకి 75 శాతం ఉద్యోగాలన్నారు కదా, మా వాడికి ఎలా వస్తుంది?
— అచ్యుతాపురం

2019లో మన రాష్ట్రం ఆ చట్టం చేసింది. హర్యానాలో అలాంటి చట్టాన్నే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసి అప్రెంటిస్ పూర్తిచేసినవాడికి గేటు తెరుచుకుంటుంది. తాళ్ళు, కప్పీలు చిన్నప్పటి నుంచి తెలిసిన పడవ పిల్లలు రిగ్గింగు (తాళ్ళు, కప్పీలతో బరువులు ఎత్తే) పనిలో బాగా రాణిస్తారు, సర్టిఫికెట్టు లేకే హెల్పరు కూలి దగ్గర ఆగిపోతున్నారు. కాంట్రాక్టు పనైనా మొదటి నెలే చూసుకోవలసినవి రెండు: పీఎఫ్ పాస్‌బుక్కులో మూలవేతనం, కరువుభత్యం కలిపిన మొత్తంలో 12 శాతం పడిందా, నెలకి 21 వేల లోపు జీతమైతే ఈఎస్ఐ కార్డు వచ్చిందా. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలి. హాజరు చీటీ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.

ప్రజాభిప్రాయ సేకరణ సభకి పోయి అరిచి వచ్చేస్తున్నాం. ఏమీ జరగడం లేదు. ఎలా మాట్లాడాలి?
— పూడిమడక

సభకి ముందు 30 రోజుల గడువు ఉంటుంది, అసలు పని అప్పుడు చెయ్యాలి. పర్యావరణ ప్రభావం మీద ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, పంచాయతీలో, పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో చూడనివ్వాలి. ముందుగా చూడవలసిన పుటలు: చుట్టూ పది కిలోమీటర్ల వ్యాసార్థంలో మీ పేట పేరుందా, ఎన్ని పడవలని రాశారు, నమూనాలు ఏ నెలలో తీశారు. వేట నిషేధం నెలల్లో లెక్కపెడితే ఒడ్డున పట్టుబడి ఉండదు, 'ఇక్కడ వేట స్వల్పం' అని రాసేస్తారు. అలాంటిది దొరికితే పుట సంఖ్యతో సహా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభకి రానివాళ్ళు కూడా రాసి ఇవ్వొచ్చు.

అనుమతించిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే ఫ్యాక్టరీకి విడిగా సభ ఉండదు. పార్కుకి సభ పెట్టిన రోజే మీకు దొరికే ఒకే ఒక్క అవకాశం. అప్పుడు 'ఏయే రకం ఫ్యాక్టరీలు, వ్యర్థజలం గొట్టం సముద్రంలో ఎంత దూరం, ఎంత లోతున' అని అడిగి జవాబు రాయించాలి.

సభలో అధ్యక్షుడు కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గాని. ఇంతమంది రావాలన్న కోరం లేదు, కనక బహిష్కరించి బయట కూర్చుంటే సభ ఆగదు, మీ మాటలే మినిట్స్‌లోకి ఎక్కవు. ఒక్కొక్కరు ఒక్క విషయమే, అంకెతో, రెండు నిమిషాలు. 'వద్దు' అనేవాళ్ళు కూడా 'ఇస్తే గనక ఈ షరతులు' అని ఒక జాబితా ఇవ్వడం మంచిది: పడవల దారి, జెట్టీ, ఇసుక తోడి పోయడం, నీటి పరీక్షలు ఊళ్ళో బోర్డు మీద. అనుమతి పత్రంలోకి ఎక్కిన షరతు మీద కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి, అది మీరూ అడిగి చూడొచ్చు. అనుమతి మీద ట్రిబ్యునల్‌లో అప్పీలుకి 30 రోజులు, కారణం చూపితే ఇంకో 60.

సభ ముగిశాక లేచి వెళ్ళిపోకండి. చెప్పినవన్నీ తెలుగులో చదివి వినిపించి ఆ తర్వాతే సంతకాలు చెయ్యాలి. మీ పేరు, మీరు చెప్పిన అంకె అందులో లేకపోతే అక్కడే చేర్పించండి. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అయి ఉంటాయి, షామియానా విప్పేవాళ్ళు వచ్చేసి ఉంటారు. అయినా ఆగండి.